మొహమాటం లేని మనిషి

పొద్దున్నే పాలగిన్నె మూత తీసి వాసన చూసిందామె. పొయ్యి మీద పెట్టేముందు అలా చూడటం ఉద్యోగం అంటించిన అలవాటు. ఊళ్లో పాలు, తిండి అమ్మే చోట్లన్నీ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు మరి.

"ఇంటి పాలని కూడా అనుమానించే కోడలు మాకే దొరికింది" అంది అత్తగారు కూర్చున్నచోటి నుంచే.

"ఊరుకో అమ్మా, జరిమానా రాసేస్తుంది" అన్నాడు భర్త, పేపరు దించకుండా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వూ ఇంటిపనుల్లో ఒకటే.

అందరికీ టీ పోసేసరికి గిన్నెలో అడుగున కాస్త మిగిలింది. కాసిన్ని నీళ్లు కలిపి వేడి చేసుకుంది. పాలల్లో నీళ్లు కలిపేవాళ్లని పట్టుకోవడం ఆమె పని. ఆమె గ్లాసు సంగతి అడిగే అధికారి మాత్రం ఏ ఆఫీసులోనూ లేడు.

ఆ నీళ్ల టీ తాగుతూ పక్క ఊరి ల్యాబు గురించి ఆలోచించింది. ఈమధ్య ఏ పని చేస్తున్నా అదే ధ్యాస. అక్కడో ఖాళీ ఉందనీ, ఆలోచించుకోమనీ పెద్దాఫీసరు నిన్ననే అన్నాడు. ఒకసారి శాంపిళ్లు అప్పగించడానికి వెళ్లినప్పుడు అక్కడొకావిడ మైక్రోస్కోపు మీదకి వంగి, ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఎవరూ వచ్చి "నా తువ్వాలెక్కడ?" అనలేదు. కాసేపటికి ఆవిడే పక్కకి జరిగి "చూస్తారా?" అంది. పాలచుక్కలో వెన్న గుండ్రటి పూసల్లా తేలుతోంది. ఇన్నేళ్లుగా తను వాసన చూసి, పారబోయించి, తిట్లు తిన్న పాలు ఇంత అందంగా ఉంటాయా అనిపించింది. తిరుగు బస్సులో కిటికీవైపు మొహం పెట్టి ఏడ్చింది. అది ఎవరి మీదా కోపం కాదు, ఆ కుర్చీ మీద ఆశ. పైకి చెప్పుకోవడానికి సిగ్గేసేంత ఆశ.

స్నానం చేసి వచ్చేసరికి భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు.

"మీ పెద్దాఫీసరు ఫోన్ చేశాడు, ఆ ల్యాబు విషయం. కుదరదని చెప్పేశా. అసలే నీకు మొహమాటం, కాదనలేక ఒప్పేసుకుంటావు."

బరువు సంచీ అందుకుని సాయం చేసినవాడిలా అన్నాడు. ఆమె "టిఫిన్ డబ్బా బల్ల మీదుంది" అని మాత్రం అంది.

ఆ పూట పాలకేంద్రంలో రెండు క్యాన్ల పాలు విరిగి పుల్లటి వాసన కొడుతున్నాయి. "ఎప్పట్నుంచో తెలిసినవాళ్లం మేడమ్, కాస్త చూసీచూడనట్టు పోదురూ" అని యజమాని బతిమాలాడు. ఆమె దగ్గరుండి కాలవలో పోయించింది.

"ఈవిడకి బొత్తిగా మొహమాటం లేదు!" అని గొణిగాడతను.

రోజూ వినే మాటే. ఈ రోజు మాత్రం అక్కడే నిలబడిపోయింది. అవును, లేదు. ఎంతటివాడు బతిమాలినా లేదు. మరి ఇంటి గుమ్మం దాటి లోపలికెళ్లగానే అదెక్కణ్ణుంచి వచ్చి మీద కూర్చుంటోంది?

చేతులు పమిటకి తుడుచుకుని, వీధిలోనే ఫోన్ తీసింది.

"సార్, పొద్దున మీతో మాట్లాడింది మా ఆయన. కుదరనిది ఆయనకి, నాకు కాదు. నేను వస్తున్నాను."