ఊరికే ఇస్తే వద్దన్న గులాబీ చెట్టు

నేను ఒక గులాబీ చెట్టుని. మొక్కని కాదు, గమనించండి. మొక్క అంటే నర్సరీలో నల్ల ప్లాస్టిక్ సంచిలో నిలబడి, తల మీద ఒంటి పువ్వు పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళ వంక ఆశగా చూసేది. నేను ఆ దశ దాటి చాలా కాలమైంది. నా మొదలు ఒక చేతి పిడికిలికి అందదు. నా ముల్లు చీర కొంగు పట్టుకుందంటే చిరిగేదాకా వదలదు. మీ శుభలేఖల మీదా, చాక్లెట్ డబ్బాల మీదా నా పువ్వు బొమ్మ వేసుకుంటారు గాని, నా మొదలు బొమ్మ ఎక్కడైనా చూశారా? చూసి ఉండరు. మనిషికి పువ్వుతోనే పని. అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టించుకునే తీరిక ఉండదు.

కడియం దగ్గర ఒక నర్సరీలో పుట్టాను. పుట్టాను అనడం కూడా పూర్తి నిజం కాదు, నన్ను కట్టారు. ఒళ్ళంతా ముళ్ళే ఉన్న నాటు గులాబీ కాడకి గాటు పెట్టి, అందులో ఒక ఎర్ర గులాబీ చిగురు కన్ను దూర్చి, పట్టీతో బిగించారు. అది అంటుకున్నాక పైనున్న నాటు కొమ్మని నరికేశారు. అంటే కింద నీళ్ళు తోడేది ఒకరు, పైన పేరు కొట్టేసేది ఇంకొకరు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలోంచి వచ్చి ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అక్కణ్ణించి ట్రాలీ ఆటోలో కాకినాడ వచ్చాను. మైకులో కూరగాయలమ్మినట్టు అరుస్తూ మమ్మల్ని వీధి వీధీ తిప్పారు. ఒక మేడ ముందు ఆటో ఆగినప్పుడు కింది వాటాలోంచి సత్యవేణి వచ్చింది. ఆ ఇంట్లో అద్దెకుంటూ జాకెట్లు కుట్టే మనిషి. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పది మొక్కలు కదిపి చూసి, పదింటికీ వంక పెట్టి, చివరికి నన్ను పట్టుకుని, "ఇది కాస్త మొండిదానిలా ఉంది, ఇదే ఇవ్వు" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ తరవాత ఆలోచిస్తే, నా గురించి ఒక మనిషి చెప్పిన మొదటి నిజం అదేననిపించింది.

వాకిట్లో గోడ వారన నాటింది. మొదట్లో ఆవిడకి ఏమీ తెలియదు. వేడి తగ్గని టీ పొడి తెచ్చి పాదులో పోసి నన్ను సగం చంపింది. మళ్ళీ తనే ఏడుస్తూ బతికించింది. బియ్యం కడిగిన నీళ్ళు, కోడిగుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, ఏది మిగిలితే అది నాకే. కొమ్మ కత్తిరించాలంటే మాత్రం చెయ్యి వచ్చేది కాదు. జాకెట్టు గుడ్డని కసక్కున కోసే మనిషి, నా ఎండు పుల్ల దగ్గరికి వచ్చేసరికి కత్తెర పట్టుకుని నిలబడిపోయేది. అది కూడా నెమ్మదిగా నేర్చుకుంది. ఏడాదికొకటి చొప్పున నా పక్కకి తెల్లదీ, పసుపుదీ, రోజారంగుదీ వచ్చి చేరాయి. పిల్లలు లేని ఇల్లు కదా, పొద్దున్నే మా దగ్గరికొచ్చి తగువు పెట్టుకునేది.

"ఏమే, మొగ్గ వేశావా లేదా? నిన్న పోసిన కడుగు నీళ్ళన్నీ ఏం చేశావే?"

కిటికీ పక్కనే కుట్టు మిషను. అది ఆడుతుంటే సత్యవేణి ఇంట్లో ఉన్నట్టు, ఆగితే లేనట్టు వీధి మొత్తానికి గుర్తు. మిషను ఆగిన మధ్యాహ్నాల్లో గోడ మీంచి చేతులు వచ్చేవి. ఎదురింటి హైమావతిగారి గాజుల చెయ్యి నాకు బాగా తెలుసు. ఆవిడ దేవుడికని కోసేది, వెళ్తూ వెళ్తూ జడలో పెట్టుకునేది. మూలింటి బుల్లెమ్మగారు ముసలావిడ, చేతికర్ర వంకీతో కొమ్మ లాక్కునేది. ఎవరైనా చూస్తే, "ఒక్క పువ్వే కదే" అనేది. అలాంటి ఒక్క పువ్వులు పోగు చేస్తే ఓ గుడి అలంకారానికి సరిపోతాయి.

ఇలా ఉండగా మేడ మీద ఉండే ఇంటి ఓనరు మాణిక్యాలరావుగారు కారు కొన్నారు. ఆయన రిటైరైన మనిషి. బజారు నాలుగడుగుల్లో ఉంది, రైతుబజారుకి స్కూటరుంది, దూరం వెళ్ళాలంటే ఆయనకి భయం. మరి కారెందుకంటే తోడల్లుడు కొన్నాడు కాబట్టి. కారన్నాక నిలపడానికి చోటు కావాలి, చోటంటే టైల్స్ వేసిన చోటు కావాలి. ఒకరోజు పొద్దున్న కిందికి దిగొచ్చి మా ముందు నిలబడ్డారు.

"మీ మొక్కలంటే నాకేం కోపం లేదమ్మా సత్యవేణీ, కారుకే చోటు చాలదు. పై సోమవారం పనోళ్ళొస్తారు. ఈలోగా ఎవరికన్నా ఇచ్చేసుకోండి. లేదంటే వాళ్ళే గునపంతో పీకేస్తార్లెండి, మీకు శ్రమ లేకుండా" అన్నారు.

మా ప్రాణం తీయడంలో కూడా ఆవిడ శ్రమ తగ్గిద్దామనుకున్న మంచి మనసు ఆయనది.

సత్యవేణి ఆ పూట మిషను తొక్కలేదు. మేం చావడం తన కళ్ళతో చూడలేనని మొగుడితో అంది కూడా. అంచేత సోమవారం లోపల మాకు ఇళ్ళు చూడాలని బయల్దేరింది. సంబంధాలు చూసే పేరయ్యలా ఇల్లిల్లూ తిరిగి, ఎవరేమన్నారో వచ్చి మాతో చెప్పుకుంది. వీధి వాళ్ళ వాట్సాప్ గుంపులో మా ఫోటోలు పెట్టి, "పెద్ద గులాబీ చెట్లు, బాగా పూస్తాయి, ఊరికే ఇస్తాను, దయచేసి తీసుకెళ్ళండి" అని రాసింది. అందరూ జవాబిచ్చారు. ఎలా అనుకున్నారు? గులాబీ పువ్వు బొమ్మలతో. ఒకాయన శుభోదయం కూడా చెప్పాడు. చెట్టు కావాలన్నవాడు ఒక్కడూ లేడు.

హైమావతిగారు గుమ్మంలోనే ఆపేసింది. "ముళ్ళ చెట్టు ఇంట్లో ఉండకూడదని సిద్ధాంతిగారు గట్టిగా చెప్పారమ్మా. మాకసలే తూర్పు వాకిలి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ జడలో ఉన్నది నా పువ్వే. గుళ్ళో పూజారిగారు, "పూలు తెండమ్మా, రోజూ తెండి, చెట్టెందుకూ" అన్నారు. బళ్ళో అయితే ఇంకా చిత్రం. వాళ్ళకి ఆ వారమే మొక్కలు నాటే కార్యక్రమం ఉందట. పెద్ద మేష్టారు నా ఫోటో చూసి పెదవి విరిచాడు. "చిన్న మొక్కలయితే బాగుంటుందండీ. ఇంత పెద్దది పెడితే ఇవాళ నాటినట్టుండదు కదండీ, ఫోటోలో" అన్నాడు. బతకడానికి చిన్నవాళ్ళమై ఉండాలి కాబోలు. మరి కిందటేడు నాటిన చిన్న మొక్కలు ఏమయ్యాయని సత్యవేణి అడగలేదు. నేనైతే అడిగేదాన్ని.

శనివారం నాటికి ఆవిడ మొహం వాడిపోయింది. తన అరుగు మీద కూచున్న బుల్లెమ్మగారి దగ్గర కూలబడి కళ్ళొత్తుకుంది. "ఇన్నేళ్ళు అందరూ కోసుకున్నారు పిన్నిగారూ. ఇప్పుడు ఊరికే ఇస్తానంటే ఒక్కరూ రారేంటండీ?"

"ఆయ్, ఎందుకొస్తారే పిచ్చిదానా? అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు. పిలిచి చేతిలో పెడితే అసలే బతకదు. ఎవరూ చూడకుండా ఎత్తుకొచ్చుకున్నదే పట్టుకుంటుంది. నా ఇంట్లో కరివేపాకు ఎక్కణ్ణించి వచ్చిందనుకుంటున్నావు?"

ముసలావిడ గర్వంగా అంది ఆ మాట. గోడ ఇవతలికి వినిపించి నేను తెల్లబోయాను. వేరు, మన్ను, నీళ్ళు, ఎండ, వీటితో బతుకుతామని ఇన్నాళ్ళూ నేననుకుంటున్నాను. దొంగబుద్ధితో బతుకుతామట.

సత్యవేణి మాత్రం నవ్వలేదు. లేచి గబగబా ఇంటికొచ్చి గుంపులో పెట్టిన ఫోటోలు తీసేసింది. సాయంత్రం గేటు దగ్గర నిలబడి వీధికంతా వినిపించేలా మొగుడితో చెప్పింది. "తునిలో మా తమ్ముడు బండి పంపుతున్నాడు. చెట్లన్నీ వాడికే. ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు." ఆవిడకి తునిలో తమ్ముడు లేడు. ఎక్కడా లేడు.

ఆ సాయంత్రం మా మొదళ్ళు నిండా తడిపింది. ఆదివారం పొద్దున్నే కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించింది. ఈసారి కత్తెర ఎక్కడా ఆగలేదు. చుట్టూ జాగ్రత్తగా తవ్వి, వేళ్ళ దగ్గరి మన్ను రాలకుండా తడి గోనె సంచుల్లో చుట్టి, పాత చీర పీలికలతో కట్టింది. నా వేళ్ళు తెగినప్పుడల్లా "అయిపోయిందే, అయిపోయింది" అంటూనే ఉంది. మమ్మల్ని గోడ వారన వరసగా నిలబెట్టి, గేటు గడియ తీసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. అన్నాల వేళ అయ్యాక మిషను ఆపేసింది.

వీధి చెవులు రిక్కించింది. మొట్టమొదట హైమావతిగారు వచ్చింది. ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని, మొహం కనపడకుండా. తెల్లదాన్ని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది, తూర్పు వాకిలీ లేదు సిద్ధాంతీ లేడు. పూజారిగారి భార్య పసుపుదాన్ని కొంగు కింద దాచుకుంది. కొంగులోంచి గోనె, గోనెలోంచి ముళ్ళు, చూడ ముచ్చటగా ఉంది. బుల్లెమ్మగారు చేతికర్ర వంకీ తగిలించి రోజాదాన్ని ఈడ్చుకుపోతూ, "బరువెక్కువే దీనికి" అని దానితోనే ఫిర్యాదు చేసింది. తలుపు సందులోంచి సత్యవేణి కన్ను ఒకటి నాకు కనిపిస్తూనే ఉంది.

నేను మిగిలాను. నన్నెవరూ ఎత్తలేరు. ఇద్దరు ముగ్గురు వచ్చి, కదిపి చూసి, వెళ్ళిపోయారు. గునపం సంగతి గుర్తొచ్చింది. మనుషుల్ని ఇంత ఈసడించుకునే నాకు ఆ కాసేపు ఏ దొంగైనా వస్తే బాగుండునని నిజంగా అనిపించింది.

అప్పుడు మేడ మెట్ల మీద చప్పుడైంది. మాణిక్యాలరావుగారి భార్య సూర్యకుమారిగారు దిగొచ్చింది. ఆయన కారు ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి షోరూముకి వెళ్ళారు. ఆవిడ అటూ ఇటూ చూసి, పాత దుప్పటి పరిచి, నన్ను దాని మీదకి దొర్లించి, ఒక్కో మెట్టూ ఆయాసపడుతూ లాక్కుపోయింది. తన వాకిట్లోంచి తన మేడ మీదకే దొంగతనం. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక, పాడైన వాషింగ్ మిషను తొట్టిలో నన్ను నిలబెట్టి మన్ను పోసింది.

కింద తలుపు తెరుచుకుంది. "అయ్యయ్యో, నా చెట్లు ఎవరో ఎత్తుకుపోయారమ్మా!" అని సత్యవేణి గొంతెత్తింది. దొంగలందరూ పరిగెత్తుకొచ్చారు ఓదార్చడానికి.

"ఈ కాలంలో ఎవర్నీ నమ్మడానికి లేదమ్మా" అంది హైమావతిగారు. గోళ్ళ నిండా మట్టి.

"చేతులెలా వచ్చాయో వెధవలకి!" అంది సూర్యకుమారిగారు.

సత్యవేణి నాటకం ఆడుతూనే మొదలుపెట్టింది. కానీ ఖాళీ గుంతల వంక చూసేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ రెండూ ఎక్కడ కలిశాయో పక్కన నిలబడ్డవాళ్ళకి తెలియలేదు. నాకు పైనుంచి తెలిసింది.

మర్నాడు గుంతలు పూడ్చి టైల్స్ వేశారు. కారొచ్చింది. దానికి గుడ్డ తొడిగారు. ఆ గుడ్డ మీద ఇప్పుడు కాకులు రెట్టలు వేస్తుంటాయి, మాణిక్యాలరావుగారు రోజూ తుడుస్తుంటారు. డాబా మీంచి వీధంతా కనిపిస్తుంది. తెల్లది హైమావతిగారి వాకిట్లో మెళ్ళో నల్లతాడు వేసుకుని పూస్తోంది, దిష్టి తగలకుండా. పసుపుదీ రోజాదీ కూడా చిగురు వేశాయి. నేనూ వేశాను. "దొంగ మొక్క అంటే ఇలాగే ఉంటుంది" అని ఎవరిళ్ళల్లో వాళ్ళు రహస్యంగా మురిసిపోతుంటారు. మమ్మల్ని కత్తిరించిన చెయ్యీ, తడిపిన గోనెలూ ఎవరికీ గుర్తు రావు.

పైకొచ్చాక నా మొదటి మొగ్గ విచ్చిన రోజున సత్యవేణి బట్టలారేయడానికి పైకి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. సూర్యకుమారిగారు వడియాలు తిరగేస్తూ, "మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నానమ్మా. జాతి చెట్టు. ఇక్కడ దొరకదు" అంది.

సత్యవేణి పెదాలు ఒకసారి కదిలాయి. ఇది నాది అంటే దొంగతనం బయటపడుతుంది. బయటపడితే పంతానికైనా నన్ను తీసి పారేస్తారు. అందుకని, "ఎంత బాగుందండీ. ఏం వేస్తున్నారేంటి దీనికి?" అని అడిగింది. ఏం వెయ్యాలో ఓనరుగారి భార్య ఆవిడకి నేర్పింది, అన్నీ తప్పే. సత్యవేణి బుద్ధిగా తలూపింది.

అప్పట్నించీ మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ వస్తుంది. తడి బట్టల బకెట్టులో సీసా దాచుకుని, అటూ ఇటూ చూసి, కడుగు నీళ్ళు నా మొదట్లో పోసేస్తుంది. వీధిలో అందరూ ఎత్తుకెళ్ళిన చెట్లకి హక్కుగా నీళ్ళు పోస్తున్నారు. పెంచిన మనిషి ఒక్కతే దొంగలా పోస్తోంది. నాకు మనుషులంటే గౌరవం లేదని ముందే చెప్పాను, ఇప్పుడూ లేదు. కానీ సీసా మూత తీసిన చప్పుడు వినపడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

నిన్న కూడా వచ్చింది. "ఏమే, మొగ్గ వేశావా?" అని గుసగుసగా అడిగింది. వంగి నీళ్ళు పోస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఉలిక్కిపడి లేవబోయింది. కొంగు నా ముల్లుకి తగులుకుంది.

"వదలవే, ఎవరైనా చూస్తారు" అంది.

నా ముల్లు పట్టుకుంటే చిరిగేదాకా వదలదని మొదట్లోనే మీకు చెప్పాను. నిన్న వదిలాను. ఒక్క పోగైనా తెగలేదు.