కాళ్ళకందని దుప్పటి

"ఇది దుప్పటా, తువ్వాలా?" ఏసీ బోగీలో పెద్దాయన గొంతు దాకా కప్పుకొని, బయటికొచ్చిన పాదాలు ఆడించి చూపించాడు.

పక్కబట్టలు పంచే సుందర్‌రాజుకు ఈ తిట్లు కొత్త కాదు. నెల రోజులుగా ప్రతి ట్రిప్పులో ఇదే గోల. ఒక్క దుప్పటీ పోలేదు. కానీ దుప్పట్లు పొట్టివవుతున్నాయి.

"రైల్ల నువ్వే కోసి అమ్ముకుంటున్నవని రిపోర్టు పోయింది రాజన్నా," అన్నాడు రైలు దుప్పట్లు ఉతికి సీలు వేసి పంపే లాండ్రీ మేనేజరు అంకుశం, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "వచ్చే ట్రిప్పుకు కల్యాణ్‌ల రైల్వే ఆఫీసర్ చెకింగ్. నౌకరీ పాయెననుకో."

ఆ గొంతులో జాలి కంటే హుషారే ఎక్కువ వినిపించింది సుందర్‌రాజుకు.

ఒక పొట్టి దుప్పటి సంచిలో పెట్టుకొని భివండిలో తన ఇల్లున్న పేటకు చేరాడు. కామత్‌ఘర్ సందులో మగ్గాల మోత. ఇంట్లో భార్య ఎలీసబెతు మిషను తొక్కుతోంది. అదే లాండ్రీకొచ్చే ఆసుపత్రి దుప్పట్లకు అంచులు కుట్టడం ఆమె పని. అతను ఆమె చేతిలోని అంచు చూశాడు. సంచిలోని దుప్పటి తీసి దాని అంచూ చూశాడు. మూల తిరిగేచోట కుట్టు మీద కుట్టు వేయడం ఎలీసబెతు అలవాటు. రెండింటికీ అదే కుట్టు.

"ఎన్నాళ్ళ సంది నడుస్తుంది?"

"ఏంది నడుసుడు?"

"రైలు దుప్పట్లు కోసుడు."

మిషను ఆగింది. "నా చేతికొచ్చేటాలకే కోసి ఉంటయ్. దవాఖాన మాల్, అంచులు పీలికలైనయన్నడు అంకుశం. నా మీదనే అనుమానమా? రైలెక్కి రైలెక్కి నీ బుర్రల పొగ జొచ్చింది."

"మరి కోసిన ముక్కలేమైతున్నయ్?"

ఆమె మూలనున్న దిండు గలీబుల కట్ట వైపు చూసింది. అవీ ఆమె కుట్టినవే. కొత్త గుడ్డ అని చెప్పి ఇచ్చాడు అంకుశం. సుందర్‌రాజు ఒక గలీబు తీసి దుప్పటి పక్కన పరిచాడు. ఒకే నేత, ఒకే నీలి చార.

"కొత్త గలీబులని రైల్వేకు బిల్లు కొడ్తుండు," అన్నాడు నెమ్మదిగా. "కానీ చెప్తే, కోసింది నువ్వే అంటడు."

ఎలీసబెతు తెల్ల దారం తీసి ఎర్ర దారం ఎక్కించింది. "దుప్పటికీ గలీబుకూ మూలకు నాలుగు కుట్లే. మడతల కనపడది."

చెకింగ్ రోజు ఆఫీసరు వెంట అంకుశం కూడా బోగీ ఎక్కాడు.

"కవర్లు మీరే చింపండి సార్," అన్నాడు సుందర్‌రాజు. సీలు వేసిన ఖాకీ కవరులోంచి పొట్టి దుప్పటి వచ్చింది. మూలన ఎర్ర కుట్టు. రెండో కవరులోనూ అంతే. గలీబు మూలనా అదే ఎర్ర దారం, గుడ్డ మీద అదే నీలి చార.

"రైల్లో మిషను లేదు సార్. నేను సీలు విప్పకముందే కోశారు."

అంకుశం మొహం పాలిపోయింది. "కుట్టింది ఈయన పెండ్లామే సార్! రైలు దుప్పట్లన్నీ ఆమే కుడుతుంది!"

ఆఫీసరు అతని వైపు తిరిగాడు. "రైలు దుప్పట్లు ఆమె చేతికి ఎట్లా పోయినయ్? ఇచ్చిందెవరు?"

అంకుశం బోగీ తలుపు వైపు జరిగాడు.

"ఆమెను పిలవగలవా?" అని ఆఫీసరు సుందర్‌రాజును అడిగాడు.

పిలిచే పని పడలేదు. గలీబుల కట్ట చంకన పెట్టుకొని ఎలీసబెతు ప్లాట్‌ఫారం మీద అప్పటికే నిలబడి ఉంది.

"మా ఇంటామె సార్," అన్నాడు సుందర్‌రాజు. "ముందు నేను కూడా ఆమెనే అనుమానించిన."

"ఆ ముచ్చట ఇంటికొచ్చినంక మాట్లాడుదాం," అంది ఎలీసబెతు, బోగీ మెట్టెక్కుతూ.