రెండు వేళ్ళ సందు

ఆ వారం పదకొండో నంబరు నక్క మలంలో ఒక్క ఎముక కూడా లేదు.

అది చూడటమే నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని నేను చేరేదాకా నాకూ తెలియదు. నక్కలు తిరిగే దారుల్లో మావాళ్ళు మలం ఏరుకొస్తారు. ఒక్కొక్కదాన్ని ఒక్కో నైలాన్ మేజోడులో వేసి, మూతి ముడివేసి, నంబరు చీటీ కట్టి వాషింగ్ మెషిన్‌లో తిప్పుతాను. మురికి పోతుంది. అరగనివి మిగులుతాయి. ఎలుక పళ్ళు, పిట్ట ఈకల కాడలు, పురుగుల రెక్కలు, గింజలు. వాటిని తెల్ల పళ్ళెంలో పోసి, పట్టకారుతో వేరుచేసి, భూతద్దం కింద చూసి పుస్తకంలో రాస్తాను. నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. మిగతా చదువంతా ఈ గదిలో, సీసాల మీది చీటీల నుంచీ, పాత పత్రికల నుంచీ కూడబలుక్కుని నేర్చుకున్నదే.

పదకొండో నంబరు మా అమ్మాయి నక్క. అమ్మాయంటే మా చెల్లెలి కూతురు. పట్టాకోసం నక్కల మీద పరిశోధన చేస్తోంది. మూడు నక్కలకు రేడియో కాలర్లు కట్టారు. ఒకటి లారీ కింద పడింది. ఒకటి సిగ్నల్ అందనంత దూరం వెళ్ళిపోయింది. మిగిలింది ఇదొక్కటే. రెండు చలికాలాలు ఇది ఎక్కడ తిరిగిందీ, ఏం తిన్నదీ రాస్తే పరిశోధన పూర్తవుతుంది. అప్పటికి ఒక చలికాలమే అయింది.

దానికి మా డ్రైవరు పెట్టిన పేరు అల్లుడుగారు. "పిలిస్తే రాడు, వస్తే తినకుండా పోడు, పోయేటప్పుడు చెప్పి పోడు. ఇంకేం పేరు పెట్టను?" అంటాడు.

కాలర్ సిగ్నల్‌ని బట్టి అది ఆగిన చోటే ఏరిన మలం కనుక, ఎవరిదో అన్న అనుమానం లేదు. నెల కిందట ఎలుక ఎముకలు తగ్గాయి. తరవాతి వారం పిట్ట ఈకలు పోయాయి. ఇప్పుడు పళ్ళెంలో రాలిన పళ్ళ తొక్కలు, పేడపురుగుల రెక్కలు, వాటితోపాటు చిన్న ఉండగా చుట్టుకున్న ఎర్రటి వెంట్రుకలు. ఎలుకవి కావు. భూతద్దం కింద రెండుసార్లు చూశాను. దాని సొంత వెంట్రుకలే. వెనక కాలితో గోక్కుని, ఆ కాలు నాక్కుంటే తప్ప అన్ని వెంట్రుకలు కడుపులోకి పోవు.

ఎక్కడ గోక్కుంటోందో నాకు తెలుసు. నా కుడిచేతి రెండు వేళ్ళ వైపు చూసుకున్నాను.

కాలర్ కట్టిన రోజు నేనూ వెళ్ళాను. మత్తు ఇచ్చిన జంతువుకి ఒళ్ళు చల్లబడుతుంది. దుప్పటి కప్పి, వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టే మనిషి కావాలి. పశువుల డాక్టరు నాడి చూస్తున్నాడు. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాడు. అమ్మాయి రెండు చేతులతో మర బిగిస్తూ, "పెద్దమ్మా, రెండు వేళ్ళు పెట్టి చూడు. పడుతున్నాయా?" అంది.

అది మా దగ్గర నియమం. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. ఎదిగే వయసు నక్కయితే మూడు. నేను చూపుడువేలూ మధ్యవేలూ దూర్చాను. సులువుగా పట్టాయి. "పడుతున్నాయి" అన్నాను. "సరే" అని అమ్మాయి ఫారంలో రాసి సంతకం పెట్టింది. వయసు తెలుసుకోడానికి నక్క నోరు తెరిచి పళ్ళు చూసే తీరికలేదు. మత్తు దిగుతోంది. మనిషి చప్పుడు లేకుండా అందరం వెనక్కి జరగాలి.

నలభై ఏళ్ళు నీళ్ళలో నానిన వేళ్ళు నావి. ఎముకా తోలూ. ఇంకొకరి వేళ్ళయితే పట్టేవా అని ఆ రాత్రే అనుమానం వచ్చింది. చెబితే మళ్ళీ పట్టాలి, ఒకసారి బోనులో పడిన నక్క మళ్ళీ పడదు, అమ్మాయి చదువు ఆగిపోతుంది. ఇలా ఏవేవో అనుకుని నోరు మూసుకున్నాను. ఎనిమిది నెలలు.

పళ్ళెం పట్టుకెళ్ళి అమ్మాయికి చూపించాను.

"పళ్ళ కాలం కదా పెద్దమ్మా, పళ్ళు తింటోంది."

"మిగతా నక్కలన్నీ ఎలుకల్ని తింటున్నాయే."

"నువ్వు ప్రతిదానికీ కంగారుపడతావు. మొన్న నేను ఫోనెత్తలేదని ఆస్పత్రికి ఫోన్ చేశావు."

"నేను డ్రైవరుకి చేశాను. ఆస్పత్రికి చేసింది అతను."

"మీరిద్దరూ కలిస్తే ఊరికి వేరే సైరనక్కర్లేదు" అంది గానీ, వెంట్రుకల ఉండ చూసి నవ్వు ఆపేసింది. పళ్ళెం తీసుకుని డైరెక్టరుగారి గదికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

డైరెక్టరుగారు భారీ మనిషి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనిపించదు. పళ్ళెం దీపం కిందికి జరుపుకుని చాలాసేపు చూశారు.

"చర్మానికి గజ్జి పట్టిందేమో. డాక్టరు వచ్చే వారం వస్తాడు. అప్పుడు ఎలాగోలా పట్టుకుని చూద్దాం."

"ఈలోగా ఏమన్నా అయితే?" అన్నాను.

"ఏం చేయమంటారు? రిమోట్ నొక్కి కాలర్ ఊడగొట్టమంటారా? ఊడితే మళ్ళీ తగిలించలేం. గింజలూ తొక్కలూ చూసి ఏడాదిన్నర పని పారేసుకోలేం కదా."

అప్పుడే డ్రైవరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో రిసీవర్ ఉంది. ఏమీ మాట్లాడకుండా దాన్ని బల్ల మీద పెట్టి శబ్దం పెంచాడు.

బీప్‌బీప్‌బీప్‌బీప్.

కాలర్ మామూలుగా నిదానంగా కొట్టుకుంటుంది. నాలుగు గంటలు కదలిక లేకపోతే వేగం రెట్టింపవుతుంది. మా దగ్గర దానికి అర్థం ఒకటే. లారీ కింద పడ్డ నక్కని ఆ చప్పుడు వినే వెతుక్కున్నాం.

"డాబా మీదనుంచి పెద్ద యాంటెన్నాతో పట్టాను. ఇటుకల బట్టీ వైపు" అన్నాడు డ్రైవరు. ఈసారి అల్లుడుగారు అన్న పేరు ఎత్తలేదు.

అమ్మాయి గోడకి ఆనుకుంది. ఆ పెట్టె ఒక్కటే కొట్టుకుంటోంది. నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం వస్తానని బస్సెక్కింది. చంకలో ఈ అమ్మాయిని ఎత్తుకుని నేను కింద నిలబడ్డాను. బస్సు కదిలేటప్పుడు తను ఇటు చూసిందో, సంచీ సర్దుకుంటోందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ ఆదివారం రాలేదు, ఆ తరవాత ఏ ఆదివారమూ రాలేదు.

"గోనెసంచీ తీసుకురానా?" డ్రైవరు మెల్లగా అడిగాడు.

ఎవరైనా జవాబు చెప్పేలోపే చప్పుడు మారింది. బీప్. కాసేపాగి, బీప్. మళ్ళీ కాసేపాగి, బీప్.

"కదిలింది!" అంది అమ్మాయి. ముఖం చేతుల్లో దాచుకుంది.

డైరెక్టరుగారు ఊపిరి వదిలారు. "చూశారా, పడుకుని ఉంటుంది. డాక్టరు వచ్చేదాకా..."

"ఆ రోజు వేళ్ళు పెట్టింది నేను" అన్నాను.

"ఏ వేళ్ళు?"

"కాలర్ కట్టినప్పుడు. అమ్మాయి చూడలేదు. నేను చూశాను."

"ఫారంలో అమ్మాయి సంతకం ఉందే."

"సంతకం దానిది. వేళ్ళు నావి."

కుడిచేయి బల్ల మీద, ఆయన చేతి పక్కన పెట్టాను. ఆయన రెండు వేళ్ళ వెడల్పులో నావి మూడు పట్టి ఇంకా చోటు మిగిలేది. దీపం వెలుగులో నలుగురం ఆ రెండు చేతుల్నీ చూస్తూ నిలబడ్డాం.

"రెండు వేళ్ళు అని నియమం రాసింది నేనే. ఎవరి వేళ్ళో రాయలేదు" అన్నారాయన.

అమ్మాయి అల్మరాలోంచి ఒక ఫైలు వెతికి తీసింది. కాలర్ కట్టిన రోజు ఫొటోలు. ఒకదాంట్లో నక్క నోరు కాస్త తెరుచుకుని ఉంది. "కోరలు చూడండి సార్. సగమే వచ్చాయి. అప్పటికింకా ఎదిగే వయసే. మూడు వేళ్ళు ఉండాల్సింది." నా వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నీ చదువు పోతుందని."

"నా చదువు గురించి నువ్వు నిర్ణయిస్తావా పెద్దమ్మా? దాని పీక గురించి కూడా నువ్వే నిర్ణయిస్తావా?"

డైరెక్టరుగారు సొరుగు తీసి, అరచేతిలో పట్టేంత నల్ల రిమోట్ పెట్టెని బల్ల మీద పెట్టారు. మధ్యలో ఒక్కటే ఎర్ర మీట.

"నీ నక్క. నీ ఇష్టం" అన్నారు అమ్మాయితో.

అమ్మాయి ఆ పెట్టెని చేతిలోకి తీసుకుని, "జీపు తియ్యన్నా" అంది డ్రైవరుతో.

పాడుబడ్డ ఇటుకల బట్టీ రైలు పట్టాల అవతల ఉంది. చేరేసరికి సాయంత్రం నాలుగయింది. డైరెక్టరుగారు జీపు దూరంగా ఆపించారు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "అల్లుడుగారు అలిగారేమో, బతిమాలి తీసుకురండి" అన్నాడు. తనే నవ్వలేదు.

రిమోట్ వంద గజాల లోపు పనిచేస్తుంది. కానీ కాలర్ బ్యాటరీ సగానికి పడిపోయింది కనుక ఇంకా దగ్గరికి వెళ్ళాలి. వెళితే నక్క పరిగెడుతుంది. పీక నొక్కుకుపోయిన జంతువు పరిగెత్తితే ఊపిరాడదు. డైరెక్టరుగారి బూట్లు కంకర మీద చప్పుడు చేస్తున్నాయని ఆయన్ని గోడ దగ్గరే ఆగమంది అమ్మాయి. ఆయన ఆగారు. యాంటెన్నా పట్టుకుని నేను ముందు, రిమోట్‌తో అమ్మాయి వెనక. నేను చెప్పులు విడిచాను.

గాలి మాకు ఎదురుగా వీస్తోంది. అది మంచిదే. గాలి తిరిగితే అయిపోయినట్టే. చెవిలో ఇయర్‌ఫోన్. యాంటెన్నా ఎడమకి తిప్పితే చప్పుడు సన్నబడుతోంది, పొగగొట్టం వైపు తిప్పితే గట్టిగా వస్తోంది. వంద గజాల దగ్గర అమ్మాయి నొక్కింది. పెట్టె మీద పచ్చ దీపం వెలగలేదు. డెబ్బై దగ్గర నొక్కింది. వెలగలేదు. వెనక్కి చూసి, ఆగుదామా అని సైగ చేశాను. అది తల అడ్డంగా ఊపి ముందుకే నడవమంది.

కూలిన గోడ మలుపు తిరిగేసరికి కనిపించింది.

పాతిక గజాలు కూడా లేదు. ఇటుకల నీడలో పడుకుని ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది. నేను దాన్ని ఎనిమిది నెలలుగా ఎలుక పళ్ళల్లో, వెంట్రుకల్లో, గింజల్లో చూస్తున్నాను. మొత్తంగా చూడటం అది రెండోసారి. మెడ దగ్గర కాలర్ కనిపించలేదు. బొచ్చు రెండు పాయలుగా విడిపోయి, మధ్యలో తడిగా ఎర్రటి గీత కనిపించింది.

అది మమ్మల్ని చూసింది. లేచి నిలబడింది.

"నొక్కు" అన్నాను గొంతు రాకుండా.

పచ్చ దీపం వెలిగింది. చిన్నగా టిక్ మంది. కాలర్ తెరుచుకుంది, మాకు వినిపించింది. కానీ పడలేదు. పుండుకి అంటుకుపోయింది.

నక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఇప్పుడు పరిగెత్తితే తెరిచిన కాలర్ ముళ్ళకి తగులుకుని చీల్చేస్తుంది. అమ్మాయి నా చేయి పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. నేను మెల్లగా కూర్చున్నాను. అమ్మాయినీ కూర్చోబెట్టాను. ఇద్దరం తల దించుకున్నాం. జంతువు కళ్ళలోకి చూడకూడదని ఆ పాత పత్రికల్లోనే చదివాను.

ఎంతసేపో తెలియదు. చెవిలో బీప్, బీప్. తరవాత తడిసిన కుక్క ఒళ్ళు దులుపుకున్నట్టు చప్పుడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి ఇటుకల మీద ఏదో పడింది.

తలెత్తాను. అది మెడ ముందుకి చాచి, నిండా ఊపిరి పీల్చుకుంది. డొక్కలు ఉబ్బాయి. ఇంకోసారి పీల్చుకుంది. తరవాత గోడ సందులోంచి అవతలికి దాటింది. వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారా అని నేనెప్పుడూ చూస్తాను. అది చూడలేదు. తోక కొస కూడా కనిపించకుండా పోయాక అమ్మాయి నా చేయి వదిలింది.

కాలర్ లోపలి అంచున వెంట్రుకలూ, పుండు మీది చెక్కూ అంటుకుని ఉన్నాయి. చెడ్డ వాసన. డైరెక్టరుగారు వచ్చి జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, దాని మీద ఒక చోట పెట్టి టేపు చుట్టారు. కాలర్‌ని ఆపే పద్ధతి అది. ఇయర్‌ఫోన్‌లో చప్పుడు ఆగిపోయింది. నేను చాలాసేపు దాన్ని చెవిలోంచి తీయలేదు.

మూడు రోజులు అమ్మాయి నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "అరికాళ్ళకి మందు రాశావా? కంకర మీద వట్టి కాళ్ళతో నడవమని నీకెవరు చెప్పారు?" అని కేకలేసింది. హమ్మయ్య అనుకున్నాను. పరిశోధన పేరు మార్చుకుంది. ఒక చలికాలం, ఒక నక్క అని. దానికి పట్టా వస్తుందో రాదో ఇంకా చెప్పలేమన్నారు. డైరెక్టరుగారు నియమాల కాగితంలో వేళ్ళ మాట కొట్టేసి, సందు కొలవడానికి వడ్రంగి చేత రెండు చెక్కముక్కలు కోయించారు. పెద్ద నక్కలకి ఒకటి, ఎదిగేవాటికి ఒకటి. అవి నా బల్ల సొరుగులో ఉంటాయి.

నిన్న డ్రైవరు ఒక సంచీ తెచ్చాడు. "ఇటుకల బట్టీ దగ్గర దొరికింది. ఎవరిదో మరి" అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

మేజోడులో వేసి తిప్పాను. పళ్ళెంలో పోశాను. ఎలుక కింది దవడ, పళ్ళతో సహా. రెండు వెన్నెముక ముక్కలు. పిట్ట ఈక కాడ ఒకటి. ఎర్ర వెంట్రుకలు లేవు. మళ్ళీ వెతికాను, ఒక్కటీ లేదు.

ఆ చుట్టుపక్కల నక్కలు కనీసం ఆరు ఉంటాయి.

అమ్మాయిని పిలిచాను. భూతద్దం మీద వంగి చాలాసేపు చూసింది.

"చీటీ మీద నంబరు ఏం వేయను?" అన్నాను.

"తెలియదని రాయి పెద్దమ్మా."

తెలియదు అని రాశాను. దవడ తుడిచి, ఆరబెట్టి, మూత గట్టిగా బిగించకుండా సీసాలో పెట్టాను.