నలభై ఏడో నంబరు ముఖం

అరకులో రమణమూర్తి గ్యాలరీ ముందు నుంచే ఈశ్వరమ్మ ఇరవై ఏళ్లుగా సంతకు నడుస్తోంది గానీ, ఒక్కనాడూ గడప తొక్కలేదు. అతని తండ్రి మొంబాసా రేవులో గుమస్తాగా చేసి, అరవై ఐదులో తిరిగొస్తూ పెట్టెల నిండా ఆఫ్రికా కొయ్యబొమ్మలు, పూసల దండలు, దేవతల ముఖాలు ఓడకెత్తించుకొచ్చాడు. అప్పటి నుంచీ టూరిస్టులు వాటి పక్కన ఫోటోలు దిగుతూనే ఉన్నారు. ఎవరి దేవతలో తెలియకుండా గోడకు తగిలించుకుని హాయిగా నిద్రపోయే మనిషికి గుండె ధైర్యమైనా ఉండాలి, బుద్ధయినా లేకపోవాలి.

ఈ రోజు లోపలికి వెళ్లక తప్పలేదు. ఆమె మొగుడు సోంబరుకు తొమ్మిది రోజులుగా రెప్ప పడలేదు. రక్తం చూసి మలేరియా కాదన్నారు. గంజి కూడా గొంతు దిగడం లేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కడు.

తప్పు సోంబరుదే. ఊళ్లో కొయ్యదేవతలు చెక్కేది అతనే గనుక, చెదలు తిన్న ముఖాలను బాగుచెయ్యమని రమణమూర్తి పిలిచాడు. వాటిలో ఒక నల్ల ముఖానికి కళ్లు మూసి ఉన్నాయి. వీళ్ల ఊళ్లో కొయ్యదేవతకు కళ్లు ఆఖరున తెరుస్తారు. తెరిచినవాడే వెంటనే పేరు పెట్టి పిలిచి అన్నం పెట్టాలి. ఎవరో పని సగంలో వదిలేశారనుకున్నాడు వెర్రి మనిషి! ఉలి తీసి రెండు కళ్లూ తెరిచేశాడు. పేరు తెలియదు కనుక పిలవలేదు. ఆ రాత్రి నుంచే అతని రెప్ప పడటం మానేసింది.

"పేరు కనుక్కునిరా," అన్నాడు ఊరి పూజారి మంగ్లు. "దొరక్కపోతే మీ ఇంట్లో బతికున్నోళ్ల పేరొకటి ఇచ్చెయ్యాల. ఇచ్చినాక అది దాని పేరే. ఆ పేరుతో ఆళ్లని మల్లీ ఎవులూ పిలవకూడదు, ఆళ్లు పలక్కూడదు."

రమణమూర్తి రిజిస్టరు తిరగేశాడు. "నలభై ఏడో నంబరు. ముఖం. టాంజానియా. అంతే రాసుంది."

"పేరేటి బాబూ?"

"సెక్కముక్కకి పేరేటే? మా నాన్నకి తెలుసునేమో, ఆయన పోయి పదేళ్లయింది. ఏదో ఒకటి పెట్టేసి బేగి ఎల్లు. బస్సు జనం వచ్చేత్తన్నారు."

ఆమె ముఖానికి ఎదురుగా నిలబడింది. సోంబరు చెక్కిన చోట చెక్క పచ్చిగా ఉంది. కూతురు బేబి పేరు నోటిదాకా వచ్చేసరికి పెదవి కొరుక్కుంది. కొంగులో తెచ్చిన అన్నం నేల మీద పెట్టి, తనకున్న ఒక్క పేరూ ఇచ్చేసింది.

"ఈశ్వరమ్మా, తిను."

రమణమూర్తి పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రమే సోంబరుకు రెప్ప పడింది. తెల్లారాక లేచి గిన్నెడు గంజి తాగాడు. ఈశ్వరమ్మ ఆనందం పట్టలేక వెక్కివెక్కి ఏడ్చింది. పేరు సంగతి చెబుదామనుకుని, ముందు కాస్త కోలుకోనీ అని ఊరుకుంది. బేబి బడికి పోయాక, సోంబరు వాకిట్లో కునుకు తీస్తుంటే ఖాళీ ఇంటికి బయట గొళ్లెం పెట్టి, బిందె పట్టుకుని ఊటకు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి సోంబరు లేచి, వాకిట్లోనే ఇంటి వైపు తిరిగి ఎండకు కూర్చుని ఉన్నాడు. ఆమె వెనక నుంచి రావడం అతను చూడలేదు.

"ఈశ్వరమ్మా, ఇంకాస్త గంజి ఉందేటే?"

బిందె కింద పడేసి, అతని నోరు మూయడానికి పరుగెత్తింది.

"ఆఁ, తెత్తన్నాను," అంది ఇంట్లోంచి ఆమె గొంతు.

సోంబరు వెనక్కి తిరగలేదు. గొళ్లెం పెట్టిన తలుపు వైపు చూసి ఇష్టంగా నవ్వాడు.