మామ చెప్పిన నీతి

పులివెందుల ఆస్పత్రి వెనక, శవాల గది అరుగు మీద చిన్నసుబ్బమ్మ కూర్చుని ఉంది. లోపల బల్ల మీద ఆమె మొగుడు ఓబులేసు ఉన్నాడు. పొద్దున గొర్రెల మంద దగ్గరికి సంగటి తీసుకుపోయిందీ ఆమే, అవతలి పార్టీ పెద్దమనిషి కొడుకు గంగాధర అతన్ని కొడవలితో నరకడం కళ్లారా చూసిందీ ఆమే.

ఆ వేళకు బడికి పోతున్న సాలోమోను అయ్యవారు కేక విని చేలకు అడ్డంపడి పరుగెత్తి వచ్చాడు. తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఓబులేసు తల ఒళ్లో పెట్టుకుని జీపులో "అన్నా, కండ్లు తెరువన్నా" అంటూనే వచ్చాడు. వేముల దాటాక ప్రాణం పోయింది. పాపం, ఆ మనిషి ఏనాడూ ఏ జెండా పట్టి ఎరగడు. ఇల్లు అవతలి వీధిలో ఉంది కాబట్టి ఊరు ఆయన్ని ఆ పార్టీలో కలిపేసింది, అంతే.

ఎస్సై కంటే ముందే మామ వచ్చాడు. నారాయణస్వామి ఆమెకు సొంత మేనమామ, ఊళ్లో వీళ్ల పార్టీకి పెద్ద. తండ్రి లేని పిల్లను సాకి పెళ్లి చేసింది ఆయనే. పక్కన కూర్చుని కళ్లు ఒత్తుకున్నాడు.

"ఎస్సై అడిగితే సాలోమోను నరికినాడని చెప్పు."

మామకు మతి చలించిందేమోనని చిన్నసుబ్బమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"కట్టు గట్టింది ఆయప్పే గదా మామా."

"అందుకే కుదురుతాది. చొక్కా నిండా నీ మొగుని నెత్తురే ఉండాది."

"మరి గంగాధర?"

"వాని పేరెత్తొద్దు. వాళ్ల నాయన ఇప్పుడే మనిషిని పంపినాడు. మనం వాన్ని వదిలేస్తే, జమ్మలమడుగు కోర్టులో మీ అన్న మీదుండే ఖూనీ కేసులో వాళ్ల సాక్షులు మాట మారుస్తారు. సరేనని మాటిచ్చినా."

మొగుడి ఒళ్లు చల్లబడక ముందే బేరం కుదిరిపోయింది!

"అయ్యోరు ఏం చేసినాడు మామా? ఆయప్పకు ఇద్దరు ఆడపిల్లోళ్లు."

"ఏమీ చేయలేదు, నాకు తెల్దా? ఆయప్ప కోసం అడిగేటోళ్లు ఎవురూ లేరు, అందుకే వాళ్లు ఆయప్పను మనకు ఇస్తాండారు. ఇంటోన్ని కాపాడుకునేదే నీతి, అమ్మా. ఇచ్చిన మాట తప్పకుండా ఉండేది ధర్మం. న్యాయం అంటావా, గంగాధర యాడికి పోతాడు, ఒగనాటికి మన చేతికి చిక్కడా?"

అబద్ధమాడుతున్న ముఖం కాదది. నిజంగానే కన్నీళ్లు కారుతున్నాయి. ఆమెకు భయం వేసింది అందుకే. చిన్నప్పుడు పక్కవాళ్ల గొర్రెపిల్ల తమ మందలో కలిస్తే ముచ్చటపడి దాచుకుంది. "ఇది నీతి గాదు" అని ఈ మామే దాన్ని ఆమె చేతనే మోయించి ఇచ్చి వచ్చాడు. ఆ మాటే ఇప్పుడు ఇదే నోట ఇట్లా వస్తోంది.

సాలోమోను టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. చొక్కా మీద నెత్తురు అట్టకట్టి ఉంది.

"రోంత తాగక్కా, పొద్దున్నుంచీ ఏం తినలేదు."

"కూర్చో అయ్యోరా, అలిసిపోయినావు" అని మామ జరిగి చోటిచ్చాడు. అదెంత ప్రేమగా అన్నాడో! చిన్నసుబ్బమ్మ టీ గ్లాసు తాగకుండానే అరుగు మీద పెట్టేసింది.

ఎస్సై వచ్చి అడిగాడు, ఎవరు నరికినారమ్మా అని. కళ్ల ముందు అన్న మెదిలాడు. అయినా నోరు తెరిచింది.

"గంగాధర, సార్. నేను చూసినా. ఈ అయ్యోరు కట్టు గట్టినాడు, ఆయప్ప చొక్కా మీదుండేది మా ఇంటాయన నెత్తురు."

నారాయణస్వామి కొట్టలేదు, తిట్టలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్లు ఆమెను చూశాడు.

"మా ఇంట్లో పెరిగినావే. రోంతన్నా నీతి లేకపాయె గదే నీకు" అని లేచాడు. శవాన్ని మోయడానికి వచ్చిన మనుషులంతా ఆయన వెంటే వెళ్లిపోయారు.

సాయంత్రం ఆస్పత్రివాళ్లు ఓబులేసును మూటగట్టి బయట పెట్టారు. సాలోమోను తలవైపు పట్టుకుని, కాళ్లవైపు ఎవరైనా వస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. చిన్నసుబ్బమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి పట్టుకుంది.