మెరవని ఫోటో

అత్తయ్యగారికి ఫోటో కాగితం పడదు. గదిలో లైటు దాని మీద పడి తళుక్కుమంటుంది. ఆ తళుకులో ముఖం కాస్తా మాయమైపోతుంది. ఫోన్‌లో చూపిస్తే మరీ కష్టం, తెర వెలుగు సూదిలా గుచ్చుకుంటోందని కళ్ళు మూసుకుంటారు.

ఆవిడకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో చూపు మధ్య నుంచి చెడుతూ వస్తోంది. అంచులు చివరిదాకా నిలుస్తాయట, ఎదురుగా ఉన్నదే ముందు పోతుందట. మనం ఎవరినైనా చూసేటప్పుడు ముఖం ఉండేది ఎదురుగానే కదా. ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనని, పోతే ఒక్కసారిగా పోవచ్చని డాక్టరు అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతను బల్ల అవతలి నుంచి లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. కబురు చేదే అయినా, ఆ లేచి రావడం నాకు గుర్తుండిపోయింది.

బయటికొచ్చాక ఆవిడ కోరింది ఒక్కటే. ఆ కాస్త చూపూ పోయేలోగా పెద్దమ్మాయి ముఖం ఒకసారి తీరిగ్గా చూడాలి. పెద్దమ్మాయి అంటే నా భార్య. నిరుడు వానల్లో పోయింది.

నేను రిటైరయ్యేదాకా సర్వే ఆఫీసులో మ్యాపులు గీశాను. కాగితంతో, రంగులతో పని నాకు కొత్త కాదు. ఇంట్లో చిన్న ప్రింటరు ఉంది. మెరవని దేని మీదైనా పెద్దగా, ముదురుగా అచ్చు వేస్తే ఆవిడకు కనపడుతుందేమో అనిపించింది. సరైన ఫోటో వెతకడానికే చాలా సాయంత్రాలు పట్టాయి. మా ఆవిడ కెమెరా కనపడితే ముఖం తిప్పేసుకునే మనిషి. ఒక్కదాంట్లో మాత్రం అద్దింటి మెట్ల మీద కూర్చుని, దువ్వని జుట్టుతో, తిన్నగా చూస్తూ నవ్వుతోంది. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ స్పష్టంగా ఉంది.

మొదట మామూలు మందపాటి కాగితం వాడాను. మెరవలేదు గానీ ఇంకు పీల్చేసుకుని ముఖం పాలిపోయింది. తర్వాత స్టిక్కరు కాగితం మీద అచ్చు వేసి ఒక టైల్ ముక్కకు అంటించాను. మెరుస్తోందని కాగితం మానేసి టైల్ పట్టుకొచ్చారా బావగారూ, అని మరదలు నవ్వింది. అత్తయ్యగారు ఉండేది ఈ మరదలి దగ్గరే, మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తల్లి స్నానం, మందులు, కంట్లో చుక్కలు అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి.

"కాగితం మీద అక్క, టైల్ మీద అక్క. ఇంక మిగిలింది నా వీపే బావగారూ" అంది ఆ రోజు. అత్తయ్యగారు కూడా నవ్వారు. మరదలు మాత్రం అనేసి మిషను వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత చెక్క మీద పడ్డాను. దానికి పద్ధతి వేరు. ఫోటోను జిరాక్స్ తీయించి, బొమ్మ ఉన్న వైపు తెల్ల జిగురు పూసి, నునుపు చేసిన చెక్క మీద బోర్లా అంటించాలి. బాగా ఆరాక తడిగుడ్డ అద్ది, పైనున్న కాగితాన్ని వేలితో రుద్ది తీసెయ్యాలి. కాగితం పొట్టులా రాలిపోతుంది, బొమ్మ మాత్రం చెక్కనే పట్టుకుని ఉండిపోతుంది. జిరాక్స్ షాపతను ఫోటో చూసి, ఎవరని అడక్కుండా, మొదటి కాపీ పలచగా వచ్చిందని ఇంకోటి తీసి ఇచ్చాడు. వంటింటి గట్టు దగ్గర నిలబడి రుద్దుతుంటే ముందు చెవి బయటపడింది, తర్వాత జుట్టు, తర్వాత ఒక కన్ను. వేలు గట్టిగా నొక్కితే బొమ్మ కూడా లేచొచ్చేస్తుంది. అంచేత చాలా మెల్లగా రుద్దాను. ఆ సాయంత్రం పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయినా నాకు తెలియలేదు.

మర్నాడు అత్తయ్యగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, భూతద్దం అందించి, చెక్క చేతిలో పెట్టాను. చాలాసేపు చూశారు. భూతద్దాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా నడిపించారు. కనపడుతోందని నాకు అర్థమైంది.

"ఈ అమ్మాయెవరు బాబూ?"

"మన అమ్మాయే అత్తయ్యగారూ."

"మచ్చ ఎడమ కంటి కిందుండాలి కదా. దీనికి కుడి కంటి కిందుంది. మూతి కూడా అటువైపు వంకర పోయింది."

బోర్లా అంటించిన బొమ్మ కుడిఎడమలు మారిపోతుంది. జిరాక్స్‌లోనే ముందుగా తిప్పించుకోవాలి. బతుకంతా మ్యాపులు గీసినవాణ్ణి, ఆ సంగతే చూసుకోలేదు. అద్దంలో చూపిద్దామని మరదలు చిన్న అద్దం తెచ్చింది. దాని మెరుపుకే ఆవిడ కంట్లోంచి నీళ్ళు కారాయి. తేడా మచ్చ ఒక్కటే, ముఖం అదే, కాసేపు అలాగే చూడమని బతిమాలాను. ఆవిడ చెక్కను నాకు తిరిగి ఇచ్చేశారు.

"ఎవరి పిల్లో అనిపిస్తోంది. సరిచేసి తీసుకురండి, చూస్తాను. తొందరేం లేదు."

ఈసారి గుడ్డ మీద వేద్దామనుకున్నాను. గుడ్డ మెరవదు, పైగా నేరుగా అచ్చు వేస్తాం కాబట్టి తిరగబడే భయం లేదు. కానీ ప్రింటరు గుడ్డను మింగదు, నలిపేసి నోట్లోనే పెట్టుకుంటుంది. ఒకవైపు మైనం ఉన్న కాగితానికి గుడ్డను ఇస్త్రీతో అంటించి, అప్పుడు పంపాలి. మా ప్రింటరులో పట్టేది చిన్న ముక్కే. ముఖం పెద్దగా రావాలంటే నాలుగు ముక్కలుగా అచ్చు వేసి కలిపి కుట్టాల్సిందే. కుట్టడం మరదలు తీసుకుంది. పెదవుల దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చిందని విప్పి మళ్ళీ కుట్టింది. కుడుతున్నంతసేపూ ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

చివరి కుట్టు మిగిలుండగా, ఒక పొద్దున అత్తయ్యగారు లేచి, కిటికీ మధ్యలో మసి ఎవరు పూశారని అడిగారట. కంటి లోపల రక్తం చిమ్మిందని డాక్టరు చెప్పాడు. ఇక చేసేదేమీ లేదన్నాడు. వస్తువును తిన్నగా చూడొద్దని, పక్కకి చూస్తే అంచుల్లో మిగిలిన చూపుకు ఏదైనా తగలొచ్చని మాత్రం చెప్పి, ఎలా చెయ్యాలో ఓపిగ్గా నేర్పాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రానికి గుడ్డ పూర్తయింది. తీసుకురమ్మని ఆవిడే అడిగారు.

"గుడ్డి కన్నా మెల్ల మేలంటారుగా. మెల్లకంటితో చూడమన్నాడు కదా ఆయన, అదీ చూద్దాం" అన్నారు.

ఆరేసే దుప్పటిలా నేనొక కొస, మరదలొక కొస పట్టుకుని ఎదురుగా నిలబడ్డాం. ఆవిడ ముఖాన్ని కిటికీ వైపు తిప్పుకున్నారు. కనపడుతోందా అని అడిగితే లేదన్నారు. ఎడమకి జరిగాం. ఏదో తెల్లగా ఉందన్నారు. ఇంకొంచెం దించాం, దగ్గరికి వెళ్ళాం, మళ్ళీ వెనక్కి వచ్చాం. ఆ తెలుపు తప్ప ఇంకేమీ కనపడలేదు. గుడ్డ మీద మా ఆవిడ నవ్వుతూనే ఉంది, మచ్చ ఉండాల్సిన వైపే ఉంది.

"ఆగండి" అన్నారు అత్తయ్యగారు. "నల్లగా, పొడుగ్గా ఉంది. జడ. జడే కదా?"

ఫోటోలో జడ లేదు. అది గుడ్డ పక్క నుంచి, మరదలి భుజం మీదుగా ముందుకు జారిన జడ. నేను మరదలి వైపు చూశాను. అవునంటే సరిపోతుందన్న ఆలోచన నాకు రాకపోలేదు. ఆమెకూ వచ్చే ఉంటుంది.

"అది నాదమ్మా" అంది.

 అత్తయ్యగారి ముఖం ఇంకా కిటికీ వైపే ఉంది.

"నీదా" అన్నారు. "సరే. కదలకు."

మరదలి చేతిలోంచి కొస ఎప్పుడు జారిపోయిందో, గుడ్డ సగం నేల మీద పడింది. నేను నా కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి జడ కూడా చూపులోంచి తప్పిపోయింది కాబోలు, ఆవిడ తలను కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పడం మొదలుపెట్టారు. మరదలు ఆ తల ఎటు తిరిగితే అటు అడుగులో అడుగేస్తూ జరుగుతోంది.