ఇరవయ్యో పేరు

మూడోసారి కూడా మిషన్‌లో ఎర్రలైటే వెలిగింది.

"ఆ వేలు వద్దులే. ఎడమది పెట్టు. చెంగుతో తుడిచి పెట్టమ్మా," అంది జ్యోతిర్మయి టీచరు.

జయకుమారి బొటనవేలిని చెంగుకేసి రుద్దింది. రుద్దితే పోయేది కాదది. జనవరి నుంచి చేలల్లో మిరపకాయలు కోసింది. కోతలయ్యాక హైవే పక్కన కోల్డ్ స్టోరేజీ షెడ్డులో తాలుకాయలు ఏరుతోంది. వెలిసిపోయిన తాలు ఒక కుప్ప, ఎర్రకాయ ఒక కుప్ప. ఏరి ఏరి వేళ్ళ చివరలు నున్నగా అరిగాయి. గీతలుండాల్సిన చోట మంట మిగిలింది. రేషన్ దగ్గర కూడా ఆమె వేలు పడదు. కళ్ళు చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

ఎడమ వేలూ పడలేదు.

"బువ్వ తినే టైములో వచ్చానండి. ఒకటిన్నరకి షెడ్డులో లేకపోతే మేస్త్రి సగం రోజు కొట్టేస్తాడు. నాలుగొందల్లో రెండొందలు పోతాయి."

"ఐదు నిమిషాలమ్మా. నెట్ కూడా సరిగ్గా లేదు."

గోడ గడియారం ఒంటిగంటా పది. ఒంటిపూట బడి వదిలేసి అరగంట దాటింది. గదిలో టీచరు, జయకుమారి, పెద్దకూతురు లిడియా. బయట వరండాలో చిన్నది కెజియా ఒంటికాలి మీద గెంతుతూ గళ్ళాట ఆడుతోంది.

ఏం వేలిముద్రో జయకుమారి అడగలేదు. అడగాలని తోచనే లేదు. బూట్లకీ సంచీకీ వేలు పెట్టింది. తల్లి ఖాతాలో పడే డబ్బుకి పెట్టింది. బడి వాళ్ళు ఎప్పుడు వేలడిగినా ఏదో ఒకటి ఇవ్వడానికే అడిగారు. ఇదీ అలాంటిదే అనుకుని అన్నం డబ్బా మూత తియ్యకుండా పరుగెత్తుకొచ్చింది.

ఎదుటి గోడ మీద కొత్త పోస్టరు ఉంది. అమ్మా నాన్నా, ముగ్గురు పిల్లలూ నవ్వుతున్నారు. ఏడేళ్ళ కింద అదే చోట ఇద్దరు పిల్లల బొమ్మ ఉండేది. కెజియా పుట్టిన నెలకి జయకుమారిని జీపెక్కించి ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఇప్పుడు జనాభా తగ్గిపోతోందని టీవీలో పెద్దలు పోట్లాడుకుంటున్నారు. పొద్దున షెడ్డులో వీరమ్మ ఆ మాటే ఎత్తింది. "ముగ్గుర్ని కనమంటన్నారంటనే జయా! మనకేసిన కుట్లు ఎవురు ఇప్పుతారో కూడా టీవీలో చెప్తే బాగుండు." అందరూ పడీ పడీ నవ్వి, మిరప ఘాటుకి దగ్గారు.

"వేలితో అయ్యే పని కాదు. ముఖం తీసుకుందాం," అని టీచరు ఫోనెత్తింది. "తెరలో గుండ్రంగా కనపడుద్ది చూడు. దాంట్లోకి చూస్తా, అది చెప్పినప్పుడు ఒక్కసారి కళ్ళు మూసి తెరువు. రెప్ప వేస్తేనే పడుద్ది. అంతే."

రోజూ పొద్దున పిల్లల ముఖాలు చూసి హాజరు వేసుకునేదీ ఆ ఫోనే. మిరప కోతల్లో నలభై రెండు రోజులు లిడియా ముఖం దానికి కనబడలేదు. కోత కూలి కిలోల లెక్కన ఇచ్చారు. రెండు చేతులకన్నా నాలుగు చేతులు నయమని జయకుమారే పిల్లను చేలోకి తీసుకెళ్ళింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో కారం పడినట్టుంటుంది.

లిడియా తల్లి భుజం మీదుగా తొంగి చూసింది. కంటపడిందల్లా చదవడం దానికి అలవాటు. గుండ్రం కింద ఉన్న అక్షరాల్ని గడగడా చదివేసింది.

"'నా కుమార్తె ఐదవ తరగతి సామర్థ్యములు సాధించనందున, ఆమెను అదే తరగతిలో మరొక సంవత్సరం కొనసాగించుటకు నా పూర్తి సమ్మతి...'"

ఆగిపోయింది. జయకుమారి ముఖం పక్కకి తిప్పేసింది.

"ఏందండీ ఇది?"

టీచరు ఫోను దించింది. ఆమె పదకొండేళ్ళుగా రెండు బస్సులు మారి ఒంగోలు నుంచి వస్తోంది. జ్వరమొచ్చినా మానదు. పల్లెలో ఆమెను ఒక్క మాట అన్నవాళ్ళు లేరు.

"లిడియా రెండు పరీక్షలు రాయలేదు కదమ్మా."

"మళ్ళీ పెడతారంట గదా?"

"పెట్టొచ్చు." టీచరు కిటికీలోంచి వరండా వైపు చూసింది. "పెడితే పాసవుద్ది. అదే నా బాధ."

జయకుమారికి అర్థం కాలేదు.

"ఐదో తరగతి నుంచి ఆరుగురు వెళ్ళిపోతారు. ఒకటో తరగతికి వచ్చేది ఇద్దరే. పిల్లలు పుట్టకపోతే నేనెక్కణ్ణుంచి తేను? లెక్క పందొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఇరవై లేకపోతే ఈ బడికి తాళమే. మీ కెజియాతో సహా అందరూ హైవే దాటి పెద్ద బడికి పోవాలి. లారీలెట్టా పోతాయో నీకు తెలుసుగా. ఒక్క పేరమ్మా. ఒక్క ఏడాది."

వరండాలో కెజియా గడి తప్పి, తప్పలేదని తనకు తనే వాదించుకుంటోంది.

"దానికి రాదని రాయిస్తారా?" జయకుమారి గొంతు పైకి లేవలేదు. పొద్దుటి నుంచి కూర్చుని ఏరిన నడుములో అంత శక్తి లేదు. "ఇప్పుడు చదివింది ఎవరండీ మరి? బస్తా తూకానికి ఎర్రకాయని తాలులో కలపమని మా మేస్త్రి కూడా చెప్పడు."

టీచరు ఫోను తెరని కొంగుతో తుడిచింది.

"అమ్మా," అంది లిడియా నెమ్మదిగా. "నేను ఉంటాలే. చెల్లికి రోడ్డు దాటే పని ఉండదుగా."

జయకుమారి కూతురి వైపు చూసింది. చేలో రెండో బుట్ట మొయ్యలేక ఆయాసపడుతున్నప్పుడు కూడా అది ఈ గొంతుతోనే అంది, నేను మోస్తాలే అమ్మా అని. అప్పుడు సరేనంది తను.

"వద్దే," అంది. "నలభై రెండు రోజులు నేను తిన్నది చాలు."

"జయకుమారీ, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా," అంటూ టీచరు ఫోను మళ్ళీ ఎత్తింది. "పందొమ్మిది మంది పిల్లలమ్మా."

ముఖం తిప్పుకోవచ్చు. లేచి వెళ్ళిపోవచ్చు. తిప్పుకుంటే రేపు ఇంటికొచ్చి అడుగుతారు. జయకుమారి కుర్చీ ముందుకి జరుపుకుని తిన్నగా గుండ్రంలోకి చూసింది.

"మళ్ళీ పరీక్ష పెట్టండి," అంది. "బడి కోసం ఆఫీసు దగ్గర కూర్చోవాలంటే కూలి మానుకుని వస్తాను. దీనికి మాత్రం ఒప్పుకోను."

'దయచేసి కళ్ళు ఒకసారి మూసి తెరవండి,' అంది ఫోనులోని ఆడగొంతు.

పొద్దుటి మిరప ధూళి రెప్పల కింద రగులుతోంది. కళ్ళు మూసుకోమని ఒళ్ళంతా అడుగుతోంది. నీళ్ళు పొంగి బుగ్గల మీదుగా జారాయి. జయకుమారి రెప్ప వెయ్యలేదు.

'దయచేసి కళ్ళు ఒకసారి మూసి తెరవండి.'

గడియారంలో ఒకటిన్నర దాటింది.

'దయచేసి...'